పరమగీతం 1:5: "నల్లనిదాననైనను" అన్న మాటలో ఆ "ఐనను" ఎవరిది?

మునేటి గట్టు (చర్చ ప్రారంభం)

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మమ్మకు చూపు మందగించినప్పటి నుంచి రోజూ రాత్రి భోజనాలయ్యాక ఫోనులో ఆమెకు బైబిలు నుంచి ఒక అధ్యాయం చదివి వినిపించడం నాకు అలవాటయింది. సామెతలు, ప్రసంగి ముగించి మొన్న పరమగీతం మొదలుపెట్టాము. మొదటి అధ్యాయం అయిదో వచనంలో "నేను నల్లనిదాననైనను సౌందర్యవంతురాలను" అని చదవగానే ఆమె నన్ను ఆపి, మళ్ళీ చదవమన్నది. చదివాను. "ఆ ఐనను ఎందుకు? నల్లగా ఉన్నాను, అందంగా ఉన్నాను అంటే సరిపోయేది కదా" అని ఊరుకున్నది. మా ఇంట్లో ఆడవాళ్ళమంతా నలుపే కాబట్టి ఆ మాట ఆమెకు గుచ్చుకుందేమో అనుకున్నాను గానీ, ఆ తరువాత అది నన్నూ వదలలేదు.

వెతికితే ఇంగ్లీషు అనువాదాలలోనూ రెండు దారులు కనిపించాయి. 1611 నాటి రాజు జేమ్సు అనువాదంలో "నల్లనిదాన్నే, కానీ అందగత్తెను" అన్న అర్థం ఉన్నది. 1989లో వచ్చిన కొత్త సవరణ ప్రతిలో "నల్లనిదాన్ని, అందమైనదాన్ని" అన్న అర్థం ఉన్నది. హీబ్రూ మూలంలో నిజంగా ఏమున్నది? అనువాదకులు తమ మనసులోని మాటను మూలానికి అంటగట్టారా? ఇంకొక సందేహం కూడా ఉన్నది. దేవుని ఊసు దాదాపు లేని ఈ ప్రేమపాట యూదుల పరిశుద్ధ గ్రంథంలోకి ఎలా వచ్చింది? తెలిసినవారు వివరించగలరు.

శనివారం దీపం

మునేటి గట్టు గారూ, నేను కొన్నేళ్ళుగా యెరూషలేములో ఉంటున్నాను. పని కోసం నేర్చుకున్న హీబ్రూ తరువాత వ్యసనమయింది కాబట్టి నాకు తెలిసినంత చెబుతాను.

మూలంలోని మాటలు "షెహోరా అని వెనావా". షెహోరా అంటే నల్లనిది, అని అంటే నేను, నావా అంటే అందమైనది. మీరు అడుగుతున్న "ఐనను" అంతా ఆ "వె" అన్న ఒక్క అక్షరంలో ఉన్నది. హీబ్రూలో దాని పేరు వావ్. అది విడిగా నిలబడదు, తరువాతి మాటకు అంటుకుపోతుంది. దానికి మొదటి అర్థం "మరియు" అనే. అయితే హీబ్రూ రచయితలు "కానీ" అనవలసిన చోట కూడా చాలాసార్లు ఇదే అక్షరాన్ని వాడతారు, అందువల్ల సందర్భాన్ని చూసి పాఠకుడే తేల్చుకోవాలి. "అతడు పిలిచాడు, ఆమె పలకలేదు" అన్నప్పుడు మనం "కానీ" అనకపోయినా వినేవారికి అర్థమైనట్లే ఇదీ అనుకోండి. కాబట్టి వ్యాకరణం మీ అమ్మమ్మగారి పక్షాన ఉన్నది, అనువాదకుడిని కూడా అది తప్పుపట్టదు.

ఇక సందర్భం చూద్దాము. ఆ వచనం అక్కడితో ఆగదు. "కేదారు గుడారాలవలె, సొలొమోను తెరలవలె" అని రెండు ఉపమానాలు వస్తాయి. కేదారు అరబ్బు ఎడారి తెగ. వారి గుడారాలను నల్లమేకల వెంట్రుకలతో నేసేవారు. కాబట్టి నలుపుకు కేదారు గుడారాలు, అందానికి సొలొమోను తెరలు అని జతకట్టి చదివితే ఒక వైపు కరకు కంబళి, మరొక వైపు రాజుగారి నగరులోని పరదా నిలబడి, వాటి మధ్య "కానీ" సహజంగా దూరుతుంది. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. పాత హీబ్రూ రాతలో అచ్చు గుర్తులు లేవు. సొలొమోను పేరును ఏ హల్లులతో రాస్తారో అవే హల్లులను సల్మా అని కూడా చదవవచ్చు. సల్మా కూడా ఒక అరబ్బు తెగ పేరే కనుక, ఇక్కడ ఉన్నవి రెండు తెగల గుడారాలే తప్ప రాజు తెరలు కావని 19వ శతాబ్దపు జర్మను పండితుడు వెల్‌హౌజన్ సూచించాడు. అలా చదివితే రెండు ఉపమానాలూ నల్లనివే అవుతాయి, "కానీ"కి నిలువ నీడ ఉండదు.

తాళపత్రం

హీబ్రూ సంగతి దీపం గారు చెప్పారు కాబట్టి గ్రీకు, లాటిను వైపు నేను చెబుతాను. క్రీస్తు పూర్వపు యూదులు మొదలుపెట్టిన గ్రీకు అనువాద పరంపరలో ఈ వచనానికి "మెలైనా ఎయిమి కాయ్ కాలే" అని ఉన్నది. కాయ్ అంటే "మరియు". అంటే ఈ గ్రీకు పాఠంలో "ఐనను" లేదు. మూడో శతాబ్దంలో క్రైస్తవ పండితుడు ఓరిగెను ఆ గ్రీకు పాఠాన్నే ముందుపెట్టుకుని పరమగీతానికి పది సంపుటాల వ్యాఖ్య రాశాడు. గ్రీకు మూలం పోయింది గానీ మొదటి మూడు సంపుటాలు రుఫినుసు చేసిన లాటిను అనువాదంలో మిగిలాయి, అందులోనూ "మరియు" అనే ఉన్నది. నాలుగో శతాబ్దం చివర క్రైస్తవ పండితుడు జెరోము హీబ్రూ నుంచి నేరుగా లాటినులోకి మార్చినప్పుడు మాత్రం "నిగ్రా సుమ్ సెద్ ఫొర్మోసా" అన్నాడు. సెద్ అంటే "కానీ". పశ్చిమ ఐరోపా వెయ్యేళ్ళకు పైగా చదివిన పాఠం అదే. 1610లో మొంతెవెర్ది కట్టిన సాయంకాల ప్రార్థనా సంగీతంలో ఒంటరి పురుష కంఠం పాడేదీ ఆ వాక్యమే. ఒక స్త్రీ తన రంగు గురించి చెప్పుకునే మాటను మగగొంతు పాడడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

అయితే దోషాన్నంతా జెరోము నెత్తిన వేయడం న్యాయం కాదు. "మరియు" అన్న పాఠాన్ని చదివిన ఓరిగెను కూడా నలుపును నలుపుగా వదిలిపెట్టలేదు. ఆయన దృష్టిలో ఈ స్త్రీ అన్యజనుల నుంచి వచ్చిన సంఘం. అబ్రాహాము వంశపు గొప్ప లేదు కాబట్టి నల్లనిది, విశ్వాసం వల్ల అందమైనది. వ్యక్తి ఆత్మకు అన్వయించేటప్పుడు నలుపంటే పాపం, అందమంటే పశ్చాత్తాపం. గ్రీకు పాఠంలో ఎనిమిదో అధ్యాయం అయిదో వచనంలో "తెల్లబడి పైకి వచ్చుచున్న ఈమె ఎవరు" అన్న మాట ఉండడం ఆయనకు బాగా కలిసివచ్చింది. హీబ్రూలో అక్కడ తెలుపు లేనే లేదు, "అరణ్యము నుండి" అని మాత్రమే ఉన్నది. మొదటి అధ్యాయంలో నల్లగా ఉన్న వధువు ఎనిమిదో అధ్యాయానికి తెల్లబడిపోవడమనే కథ మొత్తం ఒక అనువాదపు మాట మీద నిలబడింది.

అదే ఓరిగెను మరొక పని కూడా చేశాడు. మోషే పెళ్ళాడిన కూషు దేశపు స్త్రీని, సొలొమోనును చూడవచ్చిన షేబ రాణిని, బావిలో నుంచి యిర్మీయాను పైకి లాగిన కూషీయుడైన ఎబెద్మెలెకును ఒక్కచోటికి చేర్చి, వారందరి వరుసలో ఈ వధువును నిలబెట్టాడు. నలుపును పాపమన్న చేతితోనే నల్లవారికి గ్రంథంలో ఒక వంశవృక్షం గీశాడన్నమాట. ఆయనను మెచ్చుకోవాలో నిందించాలో నాకు ఈనాటికీ తేలలేదు.

ఎండపొద్దు

పెద్దలు క్షమించాలి. "మరియు" అంటే ఉదారులు, "కానీ" అంటే సంకుచితులు అన్న ధోరణిలో చర్చ సాగుతున్నట్లు కనిపిస్తున్నది. తరువాతి వచనం చదివారా? నల్లనిదానినని నన్ను అలా చూడకండి, ఎండ తగిలింది, తోబుట్టువులు కోపించి ద్రాక్షతోటలకు కాపలా పెట్టారు, నా తోటను నేను కాచుకోలేకపోయాను అని ఆమె స్వయంగా సంజాయిషీ చెబుతున్నది. చుట్టూ ఉన్న పట్నపు పిల్లలు ఆమెను ఎగాదిగా చూడకపోతే ఆ సంజాయిషీ ఎందుకు? "కానీ" అన్నది జెరోము కంటే ముందు ఆ యెరూషలేము కుమార్తెల కళ్ళలో ఉన్నది. ఆరో వచనంలో తన రంగుకు ఆమె వాడిన మాట షెహర్హోరెత్. అక్షరాలను రెట్టించి కట్టిన మాట అది, కాస్త నల్లబారినదాన్ని అన్న ఛాయ దానిలో ఉన్నదని కొందరు అంటారు.

కాబట్టి ఇక్కడి నలుపు జాతికి సంబంధించినది కాదు, చాకిరీకి సంబంధించినది. నీడపట్టున కూర్చునేవారికీ ఎండలో పనిచేసేవారికీ ఉన్న తేడా అది. ఎండలో మిరపకోత కోసినవారికి ఇది చెప్పనక్కరలేదు. అయినా ఆమె తలవంచలేదు, ముందు "నేను అందగత్తెను" అని ప్రకటించిన తరువాతే కారణం చెప్పింది. నా మాటల్లో నేనే "అయినా" వాడానని గమనించే ఉంటారు, తెలిసే వాడాను.

ఇంకొక సంగతి. అయిదో అధ్యాయం పదకొండో వచనంలో ఆమె ప్రియుని జుట్టును కాకితో పోల్చి నల్లనిదంటుంది. హీబ్రూలో అక్కడ ఉన్నది కూడా ఈ షెహోరా కుటుంబపు మాటే. మన తెలుగు అనువాదంలో మాత్రం అతని వెంట్రుకలు "కాకపక్షములవలె కృష్ణవర్ణములు" అయ్యాయి. ఒకే మాట పురుషుని తలమీద సంస్కృతమూ స్త్రీ ఒంటిమీద తెలుగూ ఎందుకైందో ఆలోచించండి.

శనివారం దీపం

ఎండపొద్దు గారి మాటతో ఏకీభవిస్తున్నాను. ఆ చివరి గమనింపు నాకు ఇంతవరకు తట్టలేదు. ఇప్పుడు మొదటి టపాలోని రెండో ప్రశ్నకు వస్తాను.

పరమగీతం పవిత్రమా కాదా అన్న వాదం నిజంగానే జరిగింది. యూదు ధర్మశాస్త్ర సంకలనమైన మిష్నాలోని యదాయిం భాగంలో అది దాఖలయింది. అక్కడ అడిగే తీరు విచిత్రంగా ఉంటుంది, "ఈ గ్రంథం చేతులను మైలపరుస్తుందా" అని అడుగుతారు. వారి లెక్కలో పవిత్ర గ్రంథం తాకితే చేతులు కడుక్కోవాలి, కాబట్టి మైలపరచడమే పవిత్రతకు గుర్తు. మడి, మైల అన్నవి ఎరిగిన మనకు ఇది మరీ అంత కొత్తగా తోచదు. ఆ వాదంలో రబ్బీ (యూదు మతగురువు) అకీవా లేచి, ఇశ్రాయేలుకు పరమగీతం దొరికిన రోజుకు లోకమంతా సరితూగదనీ, లేఖనాలన్నీ పరిశుద్ధమైనవైతే ఇది అతి పరిశుద్ధమైనదనీ అన్నాడట. ఆ అకీవాయే విందుశాలల్లో దీనిని మామూలు పాటలాగా రాగం తీసి పాడేవాడికి రాబోయే లోకంలో భాగం లేదని కూడా అన్నట్లు మిష్నాకు అనుబంధమైన తోసెఫ్తాలో ఉన్నది. అంటే అప్పట్లో జనం విందుల్లో దీనిని పాడుకునేవారన్నమాట. పాడనివారిని ఎవరూ తిట్టరు కదా.

అకీవా దారిలో నడిచిన మిద్రాషు (లేఖన వ్యాఖ్యానం) రబ్బీలు మన వచనాన్ని పట్టుకుని ఒక ఆట ఆడారు. వారమంతా నల్లనిదాన్ని, విశ్రాంతి దినాన అందమైనదాన్ని. ఏడాదంతా నల్లనిదాన్ని, ప్రాయశ్చిత్త దినాన అందమైనదాన్ని. ఈ లోకంలో నల్లనిదాన్ని, రాబోయే లోకంలో అందమైనదాన్ని. ఇలా జంటలు పేర్చుకుంటూ పోయారు. మాట్లాడుతున్నది ఇశ్రాయేలు సమాజం, ప్రియుడు దేవుడు. అరామిక భాషలోని అనువాదమైన తర్గూము ఇంకా ముందుకు వెళ్ళి గీతం మొత్తాన్ని ఐగుప్తు నుంచి మెస్సీయ దాకా జాతి చరిత్రగా మార్చివేసింది. దాని ప్రకారం బంగారు దూడను పూజించినప్పుడు ముఖాలు నల్లబడ్డాయి, పశ్చాత్తాపపడినప్పుడు వెలిగాయి. గమనించారా, లాటినుతో సంబంధం లేని ఈ యూదు పాఠకులు కూడా వావ్‌ను "కానీ" అనే విన్నారు.

అయితే నాకు ఎక్కువగా నచ్చేది 11వ శతాబ్దపు ఫ్రాన్సులోని త్రోయా పట్టణపు రాషీ వ్యాఖ్య. ఆయన ముందు కథను కథగా చెబుతాడు. భర్తకు దూరమైన ఒక స్త్రీ చెలులతో మాట్లాడుతున్నది, వానకు తడిసి నల్లబడిన కేదారు గుడారంలాంటిదాన్నే అయినా ఉతికితే సొలొమోను తెరలా అవుతాను అంటున్నది. ఆ తరువాతే ఆమె ఇశ్రాయేలు అని చెబుతాడు, నా పనులను బట్టి నల్లనిదాన్ని, నా పితరుల పనులను బట్టి అందమైనదాన్ని అని ఆమెచేత అనిపిస్తాడు. ముందుమాటలో చెరలో ఉన్న తన జాతిని బతికి ఉన్న భర్తకు విధవగా బతుకుతున్న స్త్రీతో పోల్చాడు. రాషీ చివరి దశలో, 1096లో, మొదటి క్రూసేడుకు (క్రైస్తవుల మతయుద్ధానికి) బయలుదేరిన గుంపులు రైను నది పట్టణాలలోని యూదులను ఊచకోత కోశాయి. ఆయన చదువుకున్న వొర్మ్‌స్, మైన్‌ట్స్ పట్టణాలు అందులో ఉన్నాయి. వ్యాఖ్యలోని ఏ వాక్యాన్ని ఆ తరువాత రాశాడో మనం తేల్చలేము గానీ, "భర్త వస్తాడు" అన్న నమ్మకం అటువంటి పాఠకులకు కేవలం అలంకారశాస్త్రం కాదు. ప్రేమపాటకు సిగ్గుపడి ముసుగు కప్పారని వీరిని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు.

పదకవిత

ఆ స్త్రీకి మన అలంకారికులు ఎప్పుడో పేరు పెట్టారు, ప్రోషితభర్తృక. భర్త దూరదేశం పోగా విరహంతో వేగే నాయిక. దీపం గారి టపా చదువుతుంటే, నాయికను జీవాత్మగా నాయకుని పరమాత్మగా చదివే మన అలవాటు గుర్తుకు వచ్చింది. కానీ ఒక ముఖ్యమైన తేడా ఉన్నది. అన్నమయ్య శృంగార సంకీర్తన ఎంత దూరం పోయినా చివరికి వేంకటేశ్వరుని ముద్ర పడుతుంది. క్షేత్రయ్య పదంలో నాయిక ఎవరైనా మువ్వగోపాలుడు ఉంటాడు. పాడేవాడికి, వినేవాడికి అది దేవుని పాటేనన్న హామీ పాటలోనే దొరుకుతుంది. పరమగీతం ఎనిమిది అధ్యాయాలలో, 117 వచనాలలో, అటువంటి ముద్ర లేదు. ముద్ర వేసినవాడు కవి కాదు, అకీవా. అందుకే అక్కడి పాఠకులకు అంత శ్రమ పడవలసివచ్చింది.

నలుపు విషయానికి వస్తే, పోతన గోపికలు కృష్ణుని వెతుకుతూ మల్లెపొదలను అడిగే పద్యం "నల్లనివాఁడు పద్మనయనంబులవాఁడు" అని మొదలవుతుంది. నల్లనివాడు, పద్మాల వంటి కళ్ళవాడు, కృపారసం చల్లేవాడు, పింఛం ధరించినవాడు అని వరుసగా గుణాలు. ఆ వరుసలో ఎక్కడా "ఐనను" లేదు. పరమగీతం మూడో అధ్యాయంలోనూ అయిదో అధ్యాయంలోనూ ఆ స్త్రీ రాత్రివేళ వీధుల వెంట ప్రియుని వెతుకుతూ కావలివారికి ఎదురుపడుతుంది. రెండోసారి వారు ఆమెను కొడతారు కూడా. పోతనకు మల్లెపొదలు దొరికాయి, ఆమెకు కావలివారు దొరికారు.

ఇది కేవలం మన మురిపెం అనుకోకండి. యెరూషలేములోని హీబ్రూ విశ్వవిద్యాలయంలో హీబ్రూ భాషాచరిత్ర చెప్పిన హాయిం రాబిన్, 1973లో పరమగీతాన్ని తమిళ సంగం కవిత్వంతో పోల్చి వ్యాసం రాశాడు. స్త్రీ తన ప్రేమను తన నోటనే చెప్పుకోవడం, ప్రకృతి ఆ భావానికి తోడుగా నిలవడం, విరహపు స్వరం, ఈ మూడూ దక్షిణ భారతం నుంచి వర్తకుల వెంట వెళ్ళి ఉండవచ్చన్నాడు. అదే విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ షుల్మన్ తరువాత వెల్చేరు నారాయణరావు, ఎ.కె. రామానుజన్ గార్లతో కలిసి క్షేత్రయ్య పదాలను ఇంగ్లీషులోకి తేవడం యాదృచ్ఛికమే గానీ, నాకు సంతోషం కలిగించే యాదృచ్ఛికం.

తాళపత్రం

పదకవిత గారూ, రాబిన్ వ్యాసం రుచిగా ఉంటుంది గానీ జీర్ణం కాదు. మనకు దొరుకుతున్న సంగం కవితలు సొలొమోను కాలానికి ఎన్నో శతాబ్దాల తరువాతివి. పరమగీతంలో నాలుగో అధ్యాయంలోని పర్దేస్ అన్న మాట పారసీకం నుంచి వచ్చింది కాబట్టి ఇప్పుడున్న రూపం యూదుల బబులోను చెర తరువాతిదని చాలామంది పండితుల అభిప్రాయం. ప్రియురాలిని "సహోదరీ" అని పిలవడం వంటి పోలికలు పొరుగున ఉన్న ఐగుప్తు ప్రేమగీతాలలోనే దండిగా దొరుకుతాయి. 1977లో మార్విన్ పోప్ అనే పండితుడు రాసిన పెద్ద వ్యాఖ్యలో ఈ నల్లని స్త్రీ పక్కన మన కాళిని కూడా తెచ్చి నిలబెట్టాడు. గుడారం కింద ద్రాక్షతోట కాచే పిల్లకూ కాళికకూ ఏమి పొత్తు? పోలిక దొరకగానే బంధుత్వం కలపడం పండితులకూ ఉన్న జబ్బే.

వర్తకం మాట మాత్రం నిజం. నాలుగో అధ్యాయంలోని పరిమళాల పట్టికలో ఉన్న నేర్ద్‌ను మన అనువాదంలో జటామాంసి అన్నారు, అది హిమాలయాల మొక్క. ఆ హీబ్రూ మాటే సంస్కృత నలదం నుంచి వచ్చిందంటారు.

మునేటి గట్టు

జటామాంసి అంటే జ్ఞాపకం వచ్చింది. రెండో అధ్యాయంలో "లోయలలో పుట్టు పద్మము" అనీ, ప్రియుడు "జల్దరు వృక్షము" వంటివాడనీ ఉన్నది. ఇంగ్లీషులో లిల్లీ, యాపిలు. మనవాళ్ళు ఊరికే దేశవాళీ చేశారా?

శనివారం దీపం

చేశారేమో గానీ గురి తప్పలేదు. అక్కడి హీబ్రూ మాట షోషన్నా. అది ఐగుప్తు భాషలో తామర, కలువలకు ఉన్న మాట నుంచి వచ్చింది కాబట్టి పద్మం లిల్లీ కంటే దూరమేమీ కాదు. లోయలో పద్మం ఎలా పూస్తుందని అడిగితే మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఇక తప్పూహ అన్న పండు ఆ కాలపు పాలస్తీనాలో యాపిలు కాదనీ, జల్దరు (ఆప్రికాట్) పండు కావచ్చుననీ 19వ శతాబ్దంలోనే ప్రకృతి శాస్త్రజ్ఞుడైన ట్రిస్ట్రం వాదించాడు. నేటి హీబ్రూలో తప్పూహ అంటే యాపిలే, మా వీధి చివర బండివాడు అరిచేదీ అదే.

సూటిమాట

అంతా చదివాను. నాకు ఒకటే తోస్తున్నది. అది పచ్చి శృంగార కవిత్వం. రబ్బీలు, సన్యాసులు దాన్ని నమిలి మింగలేక ఆత్మ, సంఘం, జాతి అని పేర్లు పెట్టారు. ఇందులో ఇంత చర్చ ఎందుకు?

తాళపత్రం

సూటిమాట గారూ, మీరు చెప్పినదానిని మీకంటే ముందు చెప్పి మూల్యం చెల్లించినవారు ఉన్నారు. మొప్సువేస్తియా బిషప్పు థియొదోరు, ఇది సొలొమోను తన ఐగుప్తు భార్య కోసం రాసిన పాట అన్నాడు. ఆయన పోయి నూరేళ్ళు దాటిన తరువాత 553లో కాన్‌స్టాంటినోపులు సభ ఆయననూ ఆయన రచనలనూ శపించింది, ఆరోపణల్లో ఇదీ ఒకటి. 1544లో జెనీవాలో కాస్తెల్లియో అనే పండితుడు దీనిని కాముక గీతమన్నందుకు సంఘ సంస్కర్త కాల్విను ఆయనను బోధకునిగా తీసుకోనివ్వలేదు. స్పెయినులో లూయిస్ దె లెయోన్ ఒక సన్యాసిని కోసం హీబ్రూ నుంచి స్పానిషులోకి మార్చి, ముందు ప్రేమగీతంగా వివరించాడు. లాటిను పాఠాన్ని తక్కువ చేశాడన్న ఆరోపణతో పాటు అది కూడా చేరి, 1572 నుంచి 1576 దాకా కతోలిక మతవిచారణాధికారుల చెరలో ఉన్నాడు. 1778లో జర్మను రచయిత హెర్డరు వచ్చి ఇది తూర్పుదేశపు జానపద ప్రేమగీతాల మాల అని ధైర్యంగా అచ్చువేసేనాటికి కాలం కొంత మారింది.

కానీ "నమిలి మింగలేక" అన్నది ఒప్పుకోను. 12వ శతాబ్దంలో స్పెయినుకు చెందిన ఇబ్న్ ఎజ్రా గీతాన్ని మూడుసార్లు వ్యాఖ్యానించాడు. ఒకసారి మాటల అర్థం, రెండోసారి గొర్రెల కాపరి, పడుచుపిల్ల ప్రేమకథ, మూడోసారి ఇశ్రాయేలు చరిత్ర. రెండోది ఆయనకు ఏమీ అడ్డు రాలేదు. క్లేర్వో మఠాధిపతి బెర్నార్దు 1135 నుంచి 1153లో చనిపోయేదాకా దీని మీద 86 ప్రసంగాలు చేసి మూడో అధ్యాయం మొదటి వచనం దాటలేకపోయాడు. వదిలించుకోవాలనుకున్న పుస్తకం దగ్గర ఎవరూ పద్దెనిమిదేళ్ళు కూర్చోరు. మన వచనం మీదనే ఆయన, నల్లనిదల్లా వికారం కాదు, కంటిపాప నలుపు ముఖానికి తక్కువ చేయదు కదా అన్నాడు. ఎదుట ఉన్నది "సెద్" పాఠమే, అయినా మనసు ఒక్క క్షణం ఆ "కానీ"ని దాటి వెళ్ళింది.

ఎండపొద్దు

ఆ క్షణం తరువాత మళ్ళీ లోపలి అందం, బయటి నలుపు అని వెనక్కి వచ్చేశాడు లెండి. "మరియు"ను గట్టిగా పట్టుకున్నవారు వేరే ఉన్నారు. అమెరికాలో బానిసత్వం చూసిన వంశాల నల్లజాతి పాఠకులకు ఇది వ్యాకరణ చర్చ కాదు. ఓరిగెను చేర్చిన కూషు స్త్రీని, షేబ రాణిని వారు పాపపు అన్వయం లేకుండా తమవారిగా తీసుకున్నారు. 1960ల నాటి "నలుపు అందం" నినాదం వినిపించిన తరువాత ఆ వచనాన్ని పాత పద్ధతిలో చదవడం చాలామందికి సాధ్యం కాలేదు. 1952 నాటి సవరణ ప్రతిలో "బాగా నల్లనిదాన్నే, కానీ" అని ఉన్నది 1989లో "మరియు" కావడం ఆ తరువాతి సంగతే. నేను మొదట "కానీ" పక్షాన మాట్లాడాను. ఇప్పటికీ ఆరో వచనం నా వైపే ఉన్నదంటాను. అయితే ఆమె సంజాయిషీ ఇస్తున్నది రంగుకే తప్ప అందానికి కాదు. అయిదో వచనాన్ని "మరియు"తో చదివి, ఆరో వచనంలోని చూపులను ఆ యెరూషలేము పిల్లలకే వదిలేయవచ్చు. ఈ మార్గం నాకు ఈ చర్చలోనే తోచింది.

మునేటి గట్టు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి అమ్మమ్మకు వావ్ సంగతి, గుడారాల సంగతి చెప్పాను. "ఐతే నేను అన్నది తప్పు కాదన్నమాట" అని, అక్కడితో ఆ సంగతి వదిలేసింది. ఆమె మనసు ఆరో వచనం మీదికి పోయింది. "తోడబుట్టినవాళ్ళకు అంత కోపమెందుకు వచ్చింది? ఆడపిల్లను ఎండలో తోటకు కాపలా పెడుతుంటే తండ్రి ఏమయ్యాడు?" అని అడిగింది. నాకు జవాబు తెలియలేదు. దీపం గారూ, హీబ్రూలో ఏమైనా ఆధారం ఉన్నదా?

శనివారం దీపం

మూలంలో అక్కడ ఉన్నది "బెనే ఇమ్మీ", అంటే "నా తల్లి కుమారులు". సవతి తల్లి బిడ్డలు కాదు, ఒకే కడుపున పుట్టినవారు. రాషీ అయితే వారిని తాను ఎవరి మధ్య పెరిగిందో ఆ ఐగుప్తీయులు అన్నాడు. కోపానికి కారణం గీతంలో ఎక్కడా లేదు. నా తోటను నేను కాచుకోలేదన్న మాటలోనే అది ఉన్నదని ఊహించేవారు ఉన్నారు. తండ్రి సంగతి అడిగారు కాబట్టి ఒకసారి వేళ్ళమీద లెక్కపెట్టి చూశాను. తల్లి ఈ గీతంలో ఏడుసార్లు వస్తుంది. తన తల్లి ఇంటికి ప్రియుని తీసుకుపోతానంటుంది, సొలొమోనుకు కిరీటం పెట్టినదీ తల్లే. తండ్రి మాత్రం ఎనిమిది అధ్యాయాలలో ఒక్కసారి కూడా రాడు. అమ్మమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి, ఆమె తరువాత ఏమి అడిగినా ఇక్కడ రాయండి.